మగ్గం గుంత ఉన్న ఇల్లు

దేవిడీ మనిషి వచ్చిన పొద్దున ఎల్లేశం నడుం దాకా నేలలో ఉన్నాడు.

మగ్గం గుంతలో కాళ్ళు దించుకుని కూర్చున్నవాడికి లోకం నేల మట్టం నుంచి మొదలవుతుంది. వచ్చేవాళ్ళ మొహాల కంటే ముందు పాదాలు కనిపిస్తాయి. ఎల్లేశం పాదాలను బట్టే మనుషుల్ని పోల్చుకునేవాడు. పక్కింటి మంగవ్వవి పగిలిన మడమలు, ఒక కాలికే కడియం. బండి బుచ్చయ్య కాళ్ళకు ఎప్పుడూ ఎండిన పేడ అంటి ఉంటుంది. ఆ పొద్దున గడప దాటి లోపల ఆగినవి ముక్కు పైకి తిరిగిన తోలుచెప్పులు. అంటే మున్షీ జలాల్ సాబ్.

అమీర్‌పేట ఊరు దాటాక పంజాగుట్ట బండల దాకా ఉన్న నేలంతా ఒక నవాబుగారి జాగీరు. నవాబుగారి కచేరీని జనం దేవిడీ అనేవారు. దేవిడీ తరఫున ఏటా దసరాకు ముందు ఇంటింటికీ వచ్చి పైసలు వసూలు చేసుకుని, రసీదు చింపి ఇచ్చి పోయేది జలాల్ సాబే. సొంతూరు దుబ్బాకలో ఉన్నప్పుడు ఇంటిపన్ను కట్టినట్టే ఎల్లేశం ఇక్కడ ఈ పైసలు కడుతూ వచ్చాడు.

"సలాం సాబ్, రాండ్రి. దసరా పైసలు అప్పుడే గట్టినం గద?"

"పైసల ముచ్చట కాదు ఎల్లేశం. జర పైకి రా."

"పడుగు మీదున్న సాబ్. చెప్పుండ్రి, ఇంటున్న."

"పైకి రా భాయ్. నువ్వు గుంతల కూసోని ఉంటె నాకు నోరొస్తలేదు."

ఎల్లేశం పోగు తోసే నాడె పక్కన పెట్టి, రెండు చేతులూ గట్టు మీద ఆనించి పైకి లేచాడు. కండెలు చుడుతున్న అతని భార్య లచ్చవ్వ రాట్నం ఆపి, కొంగు సర్దుకుని, మున్షీకి పీట వేసింది. ఆయన కూర్చోలేదు. గుంత వైపు చూడకుండా గోడల వైపు, దూలం వైపు చూస్తూ చెప్పాడు.

గుట్ట కింద దేవిడీ వారు బంగళాలు కట్టదలుచుకున్నారు. ఈ వాడలోని ఇళ్ళన్నీ తీసెయ్యాలి. అయితే ఎవరినీ వట్టి చేతులతో పంపరు. ఎర్రగడ్డ వైపు ఒక్కో ఇంటికీ ఒక్కో జాగా చూపిస్తారు. మల్బా, అంటే గోడలూ కప్పూ తలుపులూ, ఎవరిది వాళ్ళు తీసుకుపోయి అక్కడ కట్టుకోవచ్చు. వచ్చే అమావాస్యకు ఇక్కడ నేల చదునై ఉండాలి.

"ఇల్లు తీసుడేంది సాబ్?" అన్నాడు ఎల్లేశం. "నేను కొన్న గద? కాయిదం గూడ రాసుకున్నం గద? మీరే చదివి చెప్తిరి."

"చదివిన. గోడలు, దూలాలు, వాసాలు, పెంకలు, దర్వాజలు అని చదివిన. ఉన్నయి చదివిన."

"మరి?"

"నేల ఏడ చదివిన? నేల దేవిడీది ఎల్లేశం. ఈ వాడల ఎవ్వలికీ నేల లేదు. మంగవ్వకు లేదు, నీకంటె ముందు బుచ్చయ్యకు లేదు. దసరాకు కట్టేది నేల కిరాయి. అందరికి ఎర్కనే."

లచ్చవ్వ లేచి నిలబడింది. "అందరికి ఎర్కైతె మాకెందుకు చెప్పలేదు?"

"అందరికి ఎర్కున్నది ఎవరు ఎవరికి చెప్తరమ్మా?" అన్నాడు జలాల్ సాబ్. అందులో వెటకారం లేదు. ఆయన గొంతు తగ్గించాడు. "గది గాదు అసలు ముచ్చట. ఎర్రగడ్డల జాగా నేల తవ్వనోళ్ళకే. గింజల పాతర తప్ప, బాయి గాని గుంత గాని ఇజాజత్ లేకుండ తవ్వితె జాగా లేదు. మల్బా తీస్కోని పోవుడే."

అప్పుడు ముగ్గురూ ఒకేసారి గుంత వైపు చూశారు.

*

ఆ ఇల్లు కొన్నది రెండో ప్రపంచయుద్ధం మొదలైన ఏడు. దుబ్బాకలో నేతకు గిరాకీ తగ్గి, నేసిన చీరలు సావుకారు ఇంట్లోనే మూలుగుతున్న రోజులు. పట్నం పక్కన ఉంటే చీర సంకలో పెట్టుకుని నడిచి సుల్తాన్‌బజార్‌కు పోవచ్చని, నడుమ సావుకారు ఉండడని ఎల్లేశం లెక్క. లచ్చవ్వ చేతి కడియాలు, పుట్టింటివాళ్ళు పెట్టిన పుస్తెల తాడు, రెండూ ఆ లెక్కలోకి పోయాయి.

ఇల్లు వెతకడం ఎల్లేశానికి చేతనైనట్టు ఇంకొకరికి చేతకాదు. కనీసం ఆయన అలాగే అనుకున్నాడు. అమీర్‌పేట చుట్టుపక్కల ఎన్ని ఇళ్ళు చూసినా ఆయన ముందు కప్పు చూడలేదు, గోడ చూడలేదు. గునపం అడిగి తీసుకుని, ఇంటి నడిమధ్యన మూరెడు లోతు తవ్వి చూసేవాడు. పంజాగుట్ట చుట్టూ అంతా రాయే. ఎక్కడ పొడిచినా జానెడు లోతులో టంగుమనేది. అలాంటి ఇంట్లో గుంత మగ్గం దిగదు. గుంత లేనిదే ఎల్లేశానికి బతుకు లేదు. వాళ్ళ తాతల నుంచీ నేలలో కూర్చునే నేశారు. గుంతలోని చల్లదనానికి దారం మెత్తబడి తెగకుండా ఉంటుంది. ఎత్తు మగ్గం మీద పని ఆయనకు రాదు, రావాలనీ అనుకోలేదు.

బండి తోలుకునే బుచ్చయ్య ఇంట్లో మాత్రం గునపం రాయికి తగలలేదు. మూరెడు దిగింది, రెండు మూరలు దిగింది. ఎర్రని, సన్నని, పొడిపొడి మట్టి. ఎల్లేశం పిడికెడు తీసి వాసన చూశాడు. కొంచెం నాలుక మీద వేసుకున్నాడు. గుంటలో చెంబెడు నీళ్ళు పోసి, "పొద్దుగాల వచ్చి చూస్త" అని పోయాడు. తెల్లారి వచ్చి చూస్తే నీళ్ళు ఇంకిపోయి, అడుగున మట్టి చేతికి చల్లగా తగిలింది. ఉప్పు లేదు, ఊట లేదు.

"ఏందయ్యా, ఇల్లు కొంటున్నవా, బాయి కొంటున్నవా?" అని నవ్వాడు బుచ్చయ్య.

"నేల మంచిగుందన్నా."

"మంచిగనే ఉంటది. మా అయ్య కట్టిన గోడలు సూడు, మూరెడు మందం. అవి సూడవేంది?"

గోడలు చూడలేదు. కాగితం రాయించిన రోజున జలాల్ సాబ్ ఉర్దూలో రాసింది తెలుగులో చదివి చెప్పాడు. దూలాలు ఎన్ని, వాసాలు ఎన్ని, దర్వాజలు ఎన్ని, ఆఖరికి పశువుల్ని కట్టే గుంజ కూడా రాసి ఉంది. ఇంత వివరంగా రాసినవాళ్ళు నేల గురించి రాయకపోవడం ఎల్లేశానికి వింతగా అనిపించలేదు. ఇల్లంటే నేలే కదా. దుబ్బాకలో ఇల్లు కొన్నవాడికి నేల వేరే కొనాలని ఎవరైనా చెబితే వాడకట్టంతా నవ్వేది.

ఆ తరవాత గుంత తవ్వారు. మగ్గం గుంత చాటుగా తవ్వేది కాదు. నలుగురి కళ్ళ ముందు తవ్వి, నలుగురికీ పెట్టి, ఆ తరవాతే కాళ్ళు దించాలి. లేకపోతే నేత సాగదని ఎల్లేశం వాళ్ళ ఇంటి ఆనవాయితీ. తూర్పు వెలుగు పడే చోటు చూసి ముగ్గు వేశారు. గునపానికి పసుపు రాశారు. లచ్చవ్వ గుండిగెడు బెల్లం బువ్వ వండింది. కులపోళ్ళు బేగంబజార్ నుంచి నడిచి వచ్చారు. వాడలో ఒక్క గడప వదలకుండా ఎల్లేశం స్వయంగా పిలిచాడు. ఆ పూట దారిన పోతున్న జలాల్ సాబ్‌ను కూడా చేయి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాడు. ఆయన గుమ్మం దగ్గర నిలబడి, విస్తరాకు దొన్నెలో బెల్లం బువ్వ తిని, వేళ్ళు నాకి, "అచ్ఛా మీఠా బనా" అని పోయాడు.

*

"ఆ దినం ఎందుకు చెప్పలేదు సాబ్?" అని ఇప్పుడు అడిగాడు ఎల్లేశం.

జలాల్ సాబ్ టోపీ తీసి తల తుడుచుకున్నాడు. "పిలిచి తినబెట్టిన ఇంట్ల నిలబడి, గుంత పూడ్చుమని ఎట్ల చెప్పాలె? గప్పుడు ఈ నేల ఎవలికీ అక్కర లేకుండె. అడిగెటోడు లేకుండె."

"ఇప్పుడు ఇజాజత్ అడుగుత. జుర్మానా వేస్తె కడుత."

"తవ్వకముందు అడిగితె ఇస్తుండె. ఒక్క అర్జీ అంతే. తవ్వినంక అడిగితె, తవ్వినట్టు ఒప్పుకున్నట్టే అయితది." ఆయన చెప్పుల్లో కాళ్ళు కదిపాడు. "అమీన్ సాబ్ వస్తడు ఇండ్లు చూసి రాసుకోనీకి. ఎవరింటికి జాగా, ఎవరింటికి లేదని ఆయన చెప్తడు. చెప్పింది రాసుడే నా పని."

చెప్పులు గడప దాటిపోయాయి. లచ్చవ్వ రాట్నం మళ్ళీ ముందుకు జరుపుకుంది.

"మట్టి నాకి సూసినవ్" అంది. "మనిషిని అడగలేదు."

*

కులంలో వకీలు చదువు చదివింది రాజనర్సయ్య ఒక్కడే. ఎల్లేశం కంటే చిన్నవాడు. పట్నంలో అతని గదిలో రెండు కుర్చీలు, ఒక బల్ల. ఎల్లేశం కుర్చీలో కూర్చోకుండా నిలబడే అంతా చెప్పాడు. రాజనర్సయ్య కాగితం చదివాడు, తిప్పి చూశాడు, మళ్ళీ మొదటి నుంచి చదివాడు. మోసం ఎక్కడైనా దొరుకుతుందేమోనని వెతుకుతున్నాడని ఎల్లేశానికి ఆశ కలిగింది.

"కాయిదం శుద్ధంగ ఉన్నదన్నా" అన్నాడు చివరికి. "ఎవ్వలు నిన్ను మోసం చెయ్యలే. గదే బాధ. మోసం ఉంటె కొట్లాడొచ్చు."

"నేల లేని ఇల్లు అమ్ముడు మోసం గాదా?"

"జాగీరు ఊర్లల్ల రివాజే గది. ఇల్లు కొనెటోడు మూడు ముచ్చట్లు అడగాలె. గోడలు ఎవలియి? నేల ఎవలది? ఆ నేల మీద ఏం చెయ్యొచ్చు, ఏం చెయ్యొద్దు? అడిగి, కాయిదం రాయకముందే ఊర్లె ఇంకో మనిషి నోటి నుంచి ఇనాలె. అమ్మెటోని నోటి నుంచి కాదు. నువ్వు బుచ్చయ్యనేమడిగినవ్?"

"రాయి తగుల్తదా అని అడిగిన."

రాజనర్సయ్య నవ్వబోయి ఆగిపోయాడు. బల్ల మీది కాగితాలను ఒకదాని మీద ఒకటి సర్దాడు. పక్కకు జరిగినవి మళ్ళీ సర్దాడు.

"పాతరకు మాఫీ ఉన్నదంటున్నవ్ గద" అన్నాడు. "బుచ్చయ్య జొన్నలు పండించెటోడేనా?"

"వాళ్ళ అయ్య పండించెటోడు."

"నువ్వు కొనకముందే ఆ గుంత ఉన్నది, అది జొన్నల పాతర, నువ్వు ఉన్న పాతరల్నే మగ్గం దించినవ్. గీ మాట బుచ్చయ్య అమీన్ ముందట చెప్తె, నువ్వు నేల తవ్వనట్టే. జాగా రాకుండ ఎవ్వలు ఆపలేరు." రాజనర్సయ్య తల ఎత్తలేదు. "గిది వకీలు చెప్పే మాట కాదన్నా. కులపోడు చెప్పే మాట. నేను చెప్పినట్టు ఎక్కడా అనకు."

తిరిగి నడుస్తూ ఖైరతాబాద్ దాటేదాకా ఎల్లేశం ఆ అబద్ధాన్ని నోట్లో తిప్పి చూసుకున్నాడు. అది తన అబద్ధం కూడా కాదు, బుచ్చయ్య చెప్పాలి. ఆ గుంతకు తాను పడ్డ కష్టమంతా ఇంకొకడి జొన్నల ఖాతాలో పడుతుంది. పడనీ. గుంత పోయినా ఎర్రగడ్డలో ఇంకో గుంత తవ్వుకోవచ్చు. ఈసారి ముందు అర్జీ పెట్టి, ఇజాజత్ తీసుకుని, ఆ తరవాతే గునపం పడతాడు. ఆ సంగతి తలుచుకుంటే ఆయన నడక కొంచెం వేగమైంది.

బుచ్చయ్య ఎద్దులకు గడ్డి వేస్తూ విన్నాడు. వినీ వినగానే ఒప్పుకున్నాడు.

"గంతేనా? ఎందుకు చెప్ప? మా అయ్య పాతర అంట. జొన్నలు, ఇంక పచ్చజొన్నలు సుత పోసినమంట. గా నేల సంగతి నీకు ముందే చెప్తునే ఎల్లేశం, నువ్వడిగితె. నువ్వు మట్టి వాసన చూసుకుంట కూసుంటివి. నీకు అన్ని ఎర్కనే అనుకున్న."

"అడగలేదన్నా. తప్పు నాదే."

"తప్పు ఎవనిదైతేంది? మస్తు మంచిగ చెప్త. నువ్వు ఫికర్ చెయ్యకు."

*

అమీన్ సాబ్ గుర్రబ్బండిలో వచ్చాడు. వాడ ఈ చివరి నుంచి ఇళ్ళు చూస్తూ, ఒక్కో ఇంటి ముందు ఒక్కో మాట చెప్పి, పక్కన జలాల్ సాబ్ చేత రాయిస్తూ ఎల్లేశం ఇంటి దాకా వచ్చేసరికి ఎండ గోడల మీదికి ఎక్కింది. లచ్చవ్వ ముందురోజే గుంత చుట్టూ ఉన్న పసుపు ముద్రలు కడిగి పేడతో అలికేసింది. అలుకుతూ ఏడ్చిందేమో ఎల్లేశం చూడలేదు. వాడలోవాళ్ళు గడప బయట గుమిగూడారు. అమీన్ పొడుగు మనిషి, దూలం తగలకుండా తల వంచి లోపలికి వచ్చాడు.

"యే క్యా హై?" అని చేతికర్రతో గుంతను చూపించాడు.

బుచ్చయ్య ముందుకు వచ్చాడు. తలపాగా విప్పి చేతిలో పట్టుకున్నాడు. "పాతర హుజూర్. మా అయ్య తవ్విండు. జొన్నలు పోస్తుంటిమి. నేను ఇల్లు అమ్మిన తర్వాత గీయన గా పాతరలనే మగ్గం పెట్టుకున్నడు."

జలాల్ సాబ్ ఆ మాటలు ఉర్దూలో చెప్పాడు. తనవైపు నుంచి ఒక్క మాట కలపలేదు, తీసెయ్యలేదు. అమీన్ గుంతలోకి వంగి చూశాడు.

"పాతర ఇంత వెడల్పు ఉంటుందా?" అని అడిగించాడు.

"పెద్ద పంట పండుతుండె హుజూర్."

బయట ఎవరో కిసుక్కున నవ్వారు. అమీన్ కూడా నవ్వినట్టే ఉంది. ఆయనకు అంత పట్టింపు ఉన్నట్టు కనిపించలేదు. ఇంకా చూడాల్సిన ఇళ్ళున్నాయి, ఎండ ముదురుతోంది. కర్రతో గుంత గట్టును తట్టి, "ఠీక్ హై" అని వెనక్కి తిరిగాడు. జలాల్ సాబ్ కలం సిరాలో ముంచాడు.

గుమ్మంలో మంగవ్వ నిలబడి ఉంది. అమీన్‌కు దారి ఇవ్వకుండా చేతులు జోడించింది.

"అయ్యా, నీ కాళ్ళు మొక్కుత. గీళ్ళకు మంచి జాగా ఇయ్యి. గీళ్ళసొంటి మంచోళ్ళు ఈ వాడల లేరు. ఒక్క గడప ఇడువకుండ పిలిచి పెట్టిండ్రు. గుంత తవ్విన నాడు వాడంత ఈడనే తిన్నం. గుండిగెడు బెల్లం బువ్వ. నేను మూడు దొన్నెలు తిన్న. అడుగు, ఎవర్నన్న అడుగు."

లచ్చవ్వ "అవ్వా" అని ఆగిపోయింది. మంగవ్వకు అది తొందరపెడుతున్నట్టు వినిపించింది కాబోలు, ఇంకా గట్టిగా చెప్పింది. "నా బిడ్డలు సుత గట్ల పెట్టలేదు నాకు."

అమీన్‌కు తెలుగు పూర్తిగా రాదు గానీ ఆ మాత్రం వచ్చు. జలాల్ సాబ్ వైపు తిరిగాడు. "క్యా బోల్ రహీ హై యే? గుంత తవ్విన రోజు?"

జలాల్ సాబ్ కలం కాగితం మీద పెట్టలేదు, సీసాలో పెట్టలేదు. గాలిలోనే పట్టుకున్నాడు. సిరా చుక్క ఒకటి పేడ అలుకు మీద పడింది.

"నువ్వూ ఇక్కడివాడివే కదా. తవ్వింది ఎవరు?" అన్నాడు అమీన్.

"ఈ ఎల్లేశమే హుజూర్" అన్నాడు జలాల్ సాబ్. ఒక క్షణం ఆగి, ఎవరూ అడగకపోయినా అన్నాడు, "ఆ దినం నేను సుత తిన్న."

బుచ్చయ్య తలపాగా మళ్ళీ చుట్టుకున్నాడు. అబద్ధం చెప్పినందుకు అమీన్ ఆయన్ని ఒక్క మాట కూడా అనలేదు. ఈ ఇంటికి జాగా లేదని, మల్బా తీసుకుపోయేటప్పుడు గుంత పూడ్చి నేల చదును చేసి అప్పజెప్పాలని రాయించి, పక్కింటికి పోయాడు. పక్కిల్లు మంగవ్వది. ఆమెకు జాగా రాశాడు.

సాయంత్రం మంగవ్వ వచ్చి గడప మీద కూర్చుంది. ఆమెకు అప్పటికే ఎవరో చెప్పినట్టున్నారు, కానీ పూర్తిగా అర్థమైనట్టు లేదు.

"నేను మంచే చెప్పిన గద బిడ్డా?"

ఎల్లేశం గట్టు మీద కూర్చుని నాడెకు దారం ఎక్కిస్తున్నాడు.

"మంచే చెప్పినవవ్వా."

"మరి గాయన మొహం ఎందుకట్ల పెట్టిండు?"

"ఎండకవ్వా" అంది లచ్చవ్వ.

*

అమావాస్య లోపల మగ్గం మీది పడుగు పూర్తయింది. వాడలో ఒక్కో ఇల్లూ ఊడుతుంటే, పెంకలు దించే చప్పుడు, దూలాలు పడే చప్పుడు వింటూ ఎల్లేశం ఆ చివరి చీర నేశాడు. నేతలో ఎక్కడా పోగు తప్పలేదు. ఆ చీర అమ్మి అమీర్‌పేట బజారులో ఒక గది కిరాయికి తీసుకున్నారు. ఆ గదికి అడుగున నాపరాళ్ళు పరిచి ఉన్నాయి. గది చూడటానికి పోయినప్పుడు లచ్చవ్వ, "ఈ నేల ఎవలిది?" అని ఇంటామెను అడిగింది. ఆమె వింతగా చూసి, "కిరాయికుండెటోళ్ళకు నేలతోని ఏం పనమ్మా?" అంది. అది నిజమే కాబట్టి లచ్చవ్వ ఇంకేమీ అనలేదు. అదే బజారులో ఒక దర్జీ కొట్టు ఉంది. అంచులు కుట్టే మనిషి కావాలన్నారు. ఎల్లేశం రేపటి నుంచి వస్తానని చెప్పి వచ్చాడు.

ఇల్లు విప్పే రోజున బుచ్చయ్య పిలవకుండానే బండి తోలుకుని వచ్చాడు. గూన పెంకలు దించారు. వాసాలు, దూలాలు, రెండు దర్వాజలు, ఆఖరికి పశువుల గుంజ కూడా పీకి బండి మీద వేశారు. గదిలో వాటికి చోటు లేదు. బుచ్చయ్య ఊళ్ళోని తన ఇంటి వెనక పడేసుకుంటానన్నాడు. మళ్ళీ ఎప్పుడన్నా ఇల్లు కట్టుకుంటే తీసుకుపొమ్మన్నాడు. ఎప్పుడు అని ఇద్దరిలో ఎవరూ అడగలేదు.

కప్పు పోయాక గోడలు మిగిలాయి. బుచ్చయ్య వాళ్ళ అయ్య కట్టిన మట్టి గోడలు, మూరెడు మందం. కాగితంలో అన్నిటికంటే ముందు రాసింది వాటినే. చట్టప్రకారం అవి ఎల్లేశానివి, ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. మట్టి గోడను ఎవరు ఎక్కడికి తీసుకుపోతారు?

"గుంతల పడెయ్యుండ్రి" అన్నాడు జలాల్ సాబ్. నేల చదునైందో లేదో చూసి రాసుకోవడానికి వచ్చి, మొండి గోడ నీడలో దూరంగా నిలబడ్డాడు. "ఎట్లైన పూడ్చాలె గద. బయటి నుంచి మట్టి తెచ్చే తిప్పలు తప్పుతది."

ఎల్లేశం, బుచ్చయ్య గునపాలతో గోడలు పడగొట్టారు. పెళ్ళలు పెళ్ళలుగా విరిగి పడ్డాయి. లచ్చవ్వ తట్టలకెత్తి గుంతలో పోసింది. మగ్గం కొయ్యలు ఊడదీసి ఒక మూలన పెట్టి ఉన్నాయి. గుంత గట్టు మీద ఎల్లేశం చేతులు ఆనీ ఆనీ నునుపుదేలిన చోట్లు రెండు కనిపిస్తూ ఉన్నాయి. కాసేపటికి అవి కూడా కప్పుకుపోయాయి. వాళ్ళవైన గోడలన్నీ వాళ్ళది కాని నేలలోకి దిగిపోయాయి. గుంత నిండింది.

"జర కుంగుతది. తొక్కాలె" అన్నాడు జలాల్ సాబ్, చెప్పడం ఇష్టం లేనట్టు. "వానకు దిగితె మళ్ళ నన్నడుగుతరు."

ఎల్లేశం ఆ మట్టి మీదికి ఎక్కాడు. తొక్కడం మొదలుపెట్టాడు. కుడికాలు, ఎడమకాలు. మొదట ఎలా పడితే అలా పడ్డాయి. తరవాత పాదాలకు తెలిసిన పద్ధతి దానంతట అదే వచ్చేసింది. కుడి దించితే ఎడమ లేస్తుంది, ఎడమ దించితే కుడి లేస్తుంది. మగ్గం చెక్కలు తొక్కినట్టే, అదే చోట, అదే లెక్కలో. చేతులు మాత్రం ఖాళీగా పక్కన వేలాడుతున్నాయి. మట్టి గట్టిపడింది. ఆయన ఆగలేదు. ఒక మూల కొంచెం ఎత్తుగా కనిపిస్తే అక్కడికి జరిగి, మళ్ళీ మొదలుపెట్టాడు.

జలాల్ సాబ్ రాసుకోవలసింది రాసుకుని పోయాడు. పోతూ సలాం చేశాడు గానీ ఎల్లేశం చూడలేదు. బుచ్చయ్య ఎద్దులను కాడికి కట్టి, అటు తిరిగి నిలబడ్డాడు. పంజాగుట్ట బండల మీద ఎండ తగ్గుతోంది.

లచ్చవ్వ వచ్చి భర్త చెయ్యి పట్టుకుంది.

"చాలు, ఇగ రా" అంది. "వాళ్ళ నేలను గంత మంచిగ తొక్కి ఇయ్యాల్నా?"